వేళ్లతో విన్న మోర్స్

పంజాగుట్ట చౌరస్తా వెనక గల్లీలో ఉష బ్లౌజులు కుడుతుంది. కొట్టు ముందు భాగంలో భర్త జగదీశ్ చీరలకు ఫాల్స్ కుట్టి పికో చేస్తాడు, వచ్చిన వాళ్లతో మాట్లాడతాడు. వెనక ఉన్న కటింగ్ బల్ల ఆమెది. అమీర్‌పేట హాస్టళ్లలో ఉండే అమ్మాయిల నుంచి బేగంపేట ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్ల దాకా చాలామందికి ఆమె కొలత మీద నమ్మకం. ఆమెకు చెవులు వినబడవని కూడా అందరికీ తెలుసు.

ఉష సిరిసిల్లలో పుట్టింది. ఎనిమిదో ఏట నుంచి బడి వదలగానే మరమగ్గాల షెడ్డుకు వెళ్లి, నడిచే సాంచాల మధ్య కూర్చుని కండెలు చుట్టింది. ముప్పై మరమగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కనున్న మనిషి చెవిలో అరిచినా వినబడదు. పదో తరగతి పాసై, పెళ్లయి హైదరాబాదు వచ్చేనాటికే ఆమె చెవుల్లో ఒక హోరు మిగిలిపోయింది. ముప్పై ఐదు దాటేసరికి ఆ హోరు తప్ప మిగతావన్నీ దూరమయ్యాయి. ఇప్పుడు నలభై ఆరు. ఎవరైనా మాట్లాడితే శబ్దం వస్తోందని తెలుస్తుంది, అక్షరాలు విడిపడవు. పెదవులు చూసి సగం, సందర్భాన్ని బట్టి సగం పట్టుకుంటుంది. చెవి మిషను పెట్టుకుని చూసింది. గల్లీలో ఆటోల మోత పెద్దదయింది తప్ప మాట తేటపడలేదు. తీసి డ్రాయరులో పడేసింది.

వినబడకపోవడానికి ఆమె అలవాటు పడింది. అలవాటు పడలేనిది ఒక్కటే. కొట్టులో నలుగురు నవ్వితే, "ఏమన్నరు?" అని అడుగుతుంది. జగదీశ్ చెయ్యి ఊపి, "ఏం లేదు తీయ్" అంటాడు. ఫోనొస్తే మాట్లాడి పెట్టేస్తాడు. "ఎవరు?" అంటే, "ఏం లేదు తీయ్." పదేళ్లుగా లోకం ఆమెకు చెప్పిన జవాబు అదే.

ఒకరోజు జోగారావు వచ్చాడు. మధురానగర్‌లో ఉంటాడు, డెబ్బై మూడేళ్ల మనిషి. కాకినాడ నుంచి వచ్చి తంతి శాఖలో టెలిగ్రాఫిస్టుగా చేసి రిటైరయ్యాడు. భార్య వసుమతి బ్లౌజులు తీసుకెళ్లడానికి అప్పుడప్పుడు వస్తుంటాడు. ఆ రోజు హుక్కులు కుట్టడం కాలేదు. కటింగ్ బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని, పాత అలవాటు కొద్దీ బల్ల అంచు మీద కొడుతున్నాడు. వేలితో చిన్న దెబ్బ, అరచేతి అంచుతో పెద్ద దెబ్బ.

ఉష గుడ్డ మీద అరచేయి పరిచి గీత గీస్తోంది. సుద్ద ఆగిపోయింది. తలెత్తి చూసింది.

"సార్, మీరు ఒక్కటే నాలుగుసార్లు కొట్టిండ్రు."

జోగారావుకు అర్థం కాలేదు. ఉష కత్తెర పక్కన పెట్టి, ఆయన కొట్టింది కొట్టినట్టు బల్ల మీద కొట్టి చూపించింది. పెద్దది, చిన్నది, పెద్దది, చిన్నది. కాస్త ఆగి, రెండు పెద్దవి, ఒక చిన్నది, ఒక పెద్దది.

ఆయన ముఖం మారిపోయింది. "ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"నేర్చుకునుడు ఏంది సార్? చెక్కల నుంచి చేతికి వచ్చింది. మీరు కొట్టిందే నేను కొట్టిన."

జోగారావు జేబులోంచి పెన్ను తీసి, బ్లౌజు చుట్టిన కాగితం మీద రాసి చూపించాడు. అది మోర్స్ కోడ్. ఆయన కొట్టిన రెండు అక్షరాలకు రేడియో వాళ్ల భాషలో అర్థం ఒకటుంది: ఎవరైనా ఉన్నారా, నాతో మాట్లాడతారా? టెలిగ్రాములు పోయినా, సర్కారు లైసెన్సు తీసుకుని ఇంట్లోంచే రేడియోలో దేశదేశాల వాళ్లతో ఇలా మాట్లాడుకునే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లను హామ్‌లంటారు. తనూ వాళ్లలో ఒకడు.

ఉష ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. పదేళ్ల తర్వాత ఒక మనిషి పంపింది ఆమె దాకా పూర్తిగా వచ్చింది. ఎవరూ అరవలేదు. ఎవరూ సగం మింగలేదు.

"నాకు నేర్పుండ్రి" అంది.

కొట్టు ముందు భాగం నుంచి జగదీశ్ నవ్వాడు. "సార్, ఆమెకు వినవడది. రేడియోతోని ఏం జేస్తది?"

ఉష అతని పెదవులు చూసింది. "నేను నిన్ను అడగలే" అంది.

* * *

లైసెన్సు లేకుండా రేడియోలో పంపడం నేరమని జోగారావు చెప్పాడు. పరీక్ష రాయాలి. రాత పరీక్షకు పాఠాలు కావాలి. అమీర్‌పేటలో దొరకని కోచింగ్ ఉండదు గదా. జావా, పైథాన్ బోర్డుల మధ్య ఒక మూడో అంతస్తు గదిలో, ఆదివారాలు భార్గవ్ అనే ఇంజినీరు హామ్ పరీక్షకు క్లాసు చెబుతున్నాడు. ఉష వెళ్లింది. తోడుగా జోగారావు వెళ్లాడు.

భార్గవ్ మర్యాదస్తుడే. ఆమె సంగతి విని కుర్చీ దగ్గరకు జరుపుకుని, పెదవులు బాగా కదుపుతూ చెప్పాడు. "మేడమ్, రెండు గ్రేడ్లుంటాయి. జనరల్‌కి మోర్స్ పరీక్ష ఉంటుంది. రెస్ట్రిక్టెడ్‌కి ఉండదు. మీరు రెస్ట్రిక్టెడ్ రాయండి, సులువు. ఈ రోజుల్లో మోర్స్ ఎవరికి కావాలండీ? ఓడలే వదిలేశాయి."

"రెస్ట్రిక్టెడ్ తీసుకుంటే ఏం జేయొచ్చు?"

"మైకులో మాట్లాడొచ్చు మేడమ్."

"నాకు మాట వినవడది" అంది ఉష. "వినవడనిదానికి మైకు లైసెన్సు ఏం జేసుకోవాలె? చేతికొచ్చేది మోర్సొక్కటే. గదే వద్దంటున్నరు."

భార్గవ్ ఇబ్బందిగా జోగారావు వైపు తిరిగి ఏదో అన్నాడు. ఉష బల్ల మీద చెయ్యి వేసింది. "సారుతో కాదు, నాతో చెప్పుండ్రి."

"అది కష్టం మేడమ్. పరీక్షలో హెడ్‌ఫోన్‌లో వినాలి. నిమిషానికి ఎనిమిది మాటలు, ఐదు నిమిషాలు. ఐదు తప్పులు దాటితే ఫెయిల్. మీ టైం వృథా అవుతుందని చెబుతున్నాను."

"టైం నాది గదా" అని ఉష ఫీజు రసీదు అడిగింది.

* * *

మోర్స్ నేర్పేది జోగారావే. రోజూ సాయంత్రం నాలుగింటికి కొట్టుకు వచ్చేవాడు. మొదటి రోజే ఒక చిక్కొచ్చింది. ఆయనకు గుబురు మీసం. పై పెదవి కనబడదు.

"సార్, మీ మీసం అడ్డమొస్తున్నది. నాకు సగం మాటలు పోతున్నయ్" అంది ఉష.

మర్నాడు ఆయన నున్నగా గీయించుకుని వచ్చాడు. నలభై ఏళ్ల మీసం. వెనకాలే వసుమతి వచ్చి, "ఇన్నేళ్లు నేను తీయమంటే తీయలేదమ్మా ఈయన. నీ చేతిలో ఏం మంత్రం ఉందో!" అని నవ్వింది. అదేమిటో ఉష అడగక్కర్లేకపోయింది. వసుమతే ఆమె వైపు తిరిగి మళ్లీ చెప్పింది.

జోగారావు పాత స్పీకరు ఒకటి తెచ్చి, జాలీ తీసేసి, బల్ల మీద వెల్లకిలా పెట్టాడు. దానికి మోర్స్ మోగే చిన్న యంత్రం కలిపాడు. మామూలుగా చెవి కోసం పెట్టే సన్నటి మోత వేలికి సరిగా అందలేదు. మీట తిప్పి మోతను బొంగురుగా దించుతూ పోతే, ఒక చోట ఉష "ఆగుండ్రి" అంది. అక్కడ అక్షరం వేలి కొసకు గుచ్చినట్టు తగిలింది. ఆ చోటున మీట మీద ఆమె సుద్దతో గుర్తు పెట్టుకుంది.

మొదటి నెల ఆమె చుక్కలు లెక్కపెట్టేది. జోగారావు ఊరుకునేవాడు కాదు. "లెక్కపెట్టకమ్మా. లెక్కపెట్టే లోపల రెండో అక్షరం వెళ్లిపోతుంది. నడక పట్టుకో. మిషను కుట్టేటప్పుడు కుట్లు లెక్కపెడతావా?"

"పెట్ట. దారం తప్పితే చేతికే తెలుస్తది."

"అదే. ఇదీ అంతే."

ఆ మాటతో ఆమెకు దారి దొరికింది. అక్షరాన్ని ముక్కలుగా కాకుండా మొత్తంగా పట్టుకోవడం వచ్చింది. మూడో నెలకు నిమిషానికి నాలుగు మాటలు. ఐదో నెలకు ఆరు. అక్కడ ఆగిపోయింది. నలభై రోజులు అదే ఆరు. ఒక సాయంత్రం కోపంతో కాగితాలు చించేసి కూర్చుంది.

జోగారావు ఆమెను బతిమాలలేదు. కుర్చీ ఎదురుగా వేసుకుని కథ చెప్పడం మొదలుపెట్టాడు. అర్థం కానిచోట కాగితం మీద రాశాడు.

"ఇది మొదట్లో చెవి కోసం చేసింది కాదమ్మా. కంటి కోసం. తీగ చివర ఒక యంత్రం కాగితం పట్టీ మీద చుక్కలూ గీతలూ గీసేది. గుమాస్తా పట్టీ చూసి చదువుకోవాలి. ఏ అక్షరం ఇంగ్లీషులో ఎక్కువ వస్తుందో చూడ్డానికి అచ్చాఫీసులో సీసం అక్షరాలు లెక్కపెట్టారట. ఎక్కువ వచ్చే 'ఈ' అక్షరానికి ఒక్క చుక్క ఇచ్చారు. అంత ఆలోచించి చేసినా, ఒకటి మాత్రం వాళ్లకు తట్టలేదు. ఆ యంత్రం గీసేటప్పుడు టకటకమని చప్పుడు చేసేది. గుమాస్తాలకు కొన్నాళ్లకి ఆ చప్పుడే అర్థమైపోయింది. పట్టీ చూడకుండా రాసేయడం మొదలెట్టారు."

"మంచిదే గదా?"

"పైవాళ్లు ఒప్పుకోలేదు. చెవి మీద నమ్మకమేంటి, పట్టీయే చూడాలన్నారు. మందలించారు. వీళ్లు వినలేదు. చెవితోనే రాశారు, పట్టీ కంటే వేగంగా రాశారు. చివరికి పట్టీయే పోయింది. తర్వాత యూరప్ వాళ్లు అక్షరాలు కొన్ని మార్చేశారు. తీగ పోయి రేడియో వచ్చింది, ఓడల్లోకి ఎక్కింది. నేను చేరినప్పుడు తంతి ఆఫీసులో ఈ చప్పుడు తప్ప ఇంకోటి ఉండేది కాదు. తర్వాత టెలీప్రింటర్లు, కంప్యూటర్లు. రెండువేల పదమూడులో టెలిగ్రామే ఎత్తేశారు. ఆ ఆఖరి రోజు క్యూలో నుంచుని మా ఆవిడకే ఒకటి ఇచ్చాను. అది కంప్యూటర్‌లోనే వెళ్లిందిలే."

ఉష ఆయన రాసిన కాగితం దగ్గరకు లాక్కుంది.  "అంటే ముందుగాల కన్నుకు. చెప్పిన మాట విననోళ్లు దాన్ని చెవికి తెచ్చిండ్రు."

"అంతే."

"ఐతే నేను చేతికి తెస్త. జరుగుండ్రి." చించిన కాగితాలు ఊడ్చి కొత్తది తీసింది.

తొమ్మిదో నెలకు ఆమె పది మాటలు తీసుకుంటోంది.

* * *

పరీక్ష రోజు సర్కారు వైర్‌లెస్ ఆఫీసులో ఏడుగురున్నారు. రాత పరీక్ష ఇంగ్లీషులో. ఉష ఓమ్‌లూ వోల్టులూ రాత్రీ పగలూ బట్టీ పట్టి, అర్థం చేసుకుని వచ్చింది. బాగానే రాసింది. తర్వాత మోర్స్. పరీక్షాధికారి పేరు రాజేందర్. వైర్‌లెస్‌లో ముప్పై ఏళ్ల సర్వీసు. మోర్స్ తానే కీ మీద చేత్తో కొట్టి పంపుతాడు, రికార్డింగు పెట్టడు.

ఉష హెడ్‌ఫోన్ తీసుకుని, స్పాంజి తొడుగు తీసి, రెండు వేళ్లు లోపల ఆనించింది. రాజేందర్ ఆగాడు.

"ఏందమ్మా గది? చెవులకు పెట్టుకోవాలె."

"నాకు చెవులు వినవడవు సార్. వేళ్లతో తీసుకుంట."

"గట్ల నడవది. రూలున్నది. హెడ్‌ఫోన్‌ల వినాలె."

"హెడ్‌ఫోనే గదా సార్ ఇది."

గదిలో ఎవరో నవ్వారు. ఉషకు వినబడలేదు గాని, రాజేందర్ ముఖం ఎర్రబడడం చూసింది. చెవులకు పెట్టుకుంటేనే మొదలుపెడతానన్నాడు. మిగతా ఆరుగురు ఎదురుచూస్తున్నారు. ఆమె పెట్టుకుంది. ఐదు నిమిషాలూ చెవుల్లో ఎప్పటి హోరే. కాగితం మీద పదకొండు అక్షరాలు పడ్డాయి.

అంతా అయ్యాక రాజేందర్ ఆమెను కూర్చోబెట్టి మెత్తగానే చెప్పాడు. "చూడమ్మా, రాతల మంచి మార్కులొచ్చినయ్. గీ మార్కులకు రెస్ట్రిక్టెడ్ ఇస్తరు. తీసుకో. నీలాంటామెకు అదే మస్తు."

"వద్దు సార్."

"ఫుకట్‌ల వస్తుంటే వద్దంటవేంది?"

"నన్ను వేళ్లు పెట్టనియ్యలేదని రాసియ్యుండ్రి. సంతకం పెట్టి."

ఆయన రాసివ్వలేదు. ఉష లేచి వచ్చేసింది.

కొట్టుకొచ్చాక జగదీశ్ అన్నాడు. "ఏడాది ఖరాబైంది. మంది ముందట నవ్వులపాలైనవ్. ఇగ చాలు ఉషా. నీకు వినెటందుకు నేను లేనా?"

"నువ్వు విని నాకు సగమే చెప్తవ్."

"ఎప్పుడు?"

"రోజూ. పదేండ్ల నుంచి. మా అక్క ఫోన్ జేసి ఏడిస్తే సుత నాకు 'ఏం లేదు తీయ్' అన్నవ్. వారం తర్వాత తెలిసింది నాకు, ఆమె దవాఖానల ఉన్నదని." ఆమె గొంతు ఎంత పెద్దగా వస్తోందో ఆమెకు తెలియదు. పక్క కొట్టువాళ్లు తొంగి చూశారు. "నువ్వు చెడ్డోనివి కాదు. నీకు రెండుసార్లు చెప్పుడు బరువు. నాకెవ్వరూ రెండుసార్లు చెప్పే పని లేకుండ నేను ఒక్కటి సంపాయించుకుంటున్న. దానికి అడ్డం రాకు."

జగదీశ్ ఆ రోజంతా పికో మిషను మీద నుంచి తల ఎత్తలేదు. మర్నాడు పొద్దున కొట్టు తెరవక ముందే తెల్లకాగితాలు కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టాడు. ఆమె ఎదురుగా కూర్చుని, పెదవులు నిదానంగా కదుపుతూ అడిగాడు. "ఏం రాయాలె? నువ్వు చెప్పు, నా రాత మంచిగుంటది."

సమాచార హక్కు కింద ఉష ఒక్క ప్రశ్నే అడిగించింది: మోర్స్ పరీక్షలో హెడ్‌ఫోన్‌ను శరీరంలో ఏ భాగానికి పెట్టుకోవాలని ఏ నిబంధనలో రాసి ఉంది?

జోగారావు చదివి పొట్ట పట్టుకుని నవ్వాడు. జవాబు నెల లోపలే వచ్చింది. అభ్యర్థి హెడ్‌ఫోన్ ద్వారా సందేశం స్వీకరించాలని నిబంధన ఉంది. అంతకు మించి తమ రికార్డుల్లో సమాచారం లేదు. ఉష ఆ కాగితానికి మూడు జిరాక్సులు తీయించింది.

అయితే ఇంకో అడ్డంకి ఉంది. పరీక్షలో మోతను బొంగురు చేయమంటే రాజేందర్ చేయకపోవచ్చు. అందుకని ఆమె బల్ల మీది స్పీకరు తీసేయించింది. మీట మీద సుద్ద గుర్తు తుడిచేసింది. సన్నటి మోతతో, పనికిమాలిన చిన్న హెడ్‌ఫోన్‌తో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. వేలికి అందకపోతే గోటితో, గోటికి అందకపోతే పై పెదవితో ప్రయత్నించింది. చూపుడువేలి పక్కభాగం, గోరు మొదలయ్యే చోట, అన్నిటికన్నా బాగా పట్టింది. సూది గుచ్చుకోకుండా తొడిగే అంగుస్తానా ఆమె ఏనాడూ పెట్టుకోని వేలు అది. గరుకుదేలిన చర్మాన్ని రోజూ వేన్నీళ్లలో నానబెట్టి మెత్తబరుచుకుంది. నాలుగు నెలలు.

* * *

రెండోసారి పరీక్షకు ఐదుగురే. జోగారావూ జగదీశూ బయట బెంచీ మీద కూర్చున్నారు. ఉష లోపలికి వెళ్లి, సమాచార హక్కు కింద వచ్చిన జవాబు ముందే బల్ల మీద పెట్టి, దాని మీద హెడ్‌ఫోన్ పెట్టింది. రాజేందర్ చదివాడు.  కుర్చీని ఆమెకు ఎదురుగా జరుపుకున్నాడు. తన చెయ్యి ఆమెకు కనబడకుండా కీ ముందు ఫైలు నిలబెట్టాడు.

"రెడీయా?"

"ఎప్పుడో."

మొదలైంది. ఉష కళ్లు మూసుకుంది. వేలి పక్కన సన్నటి జిల. అక్షరం, అక్షరం, ఖాళీ. మాటల అర్థాలు ఆమెకు చాలావరకు తెలియవు. వచ్చింది వచ్చినట్టు రాసింది. మధ్యలో బయట రోడ్డు మీద ఏదో లారీ వెళ్లి బల్ల అంతా అదిరింది. అప్పుడు మూడు అక్షరాలు పోయాయి. వాటి వెనక పడకుండా నాలుగోది పట్టుకుంది.

రాజేందర్ అక్కడికక్కడే ఎర్ర పెన్నుతో దిద్దాడు. తలెత్తి ఆరు వేళ్లు చూపించాడు.

"ఆరు తప్పులు. ఒక్కటి ఎక్కువైంది."

ఆయన గొంతులో కాస్త బాధే ఉందని ఆమెకు పక్కనున్నవాళ్లు తర్వాత చెప్పారు. ఉష కాగితం తీసుకుని చూసింది. ఐదు చోట్ల తప్పు తనదే. అవి తెలుసు. ఆరో ఎర్రగీత దగ్గర వేలు పెట్టింది. అది గవర్నమెంట్ అనే మాట. ఎమ్‌కు ముందు ఉండాల్సిన ఎన్ అక్షరం లేదు.

"ఇది నా తప్పు కాదు సార్. మీరు ఎన్ను పంపలే."

మిగతా నలుగురూ తలలు తిప్పి చూశారు.

"నేను పంపలేదా?" రాజేందర్ పెన్ను కింద పెట్టాడు. "ముప్పై ఏండ్లాయె నేను కీ పట్టబట్టి. నీకు స్పెల్లింగ్ రాకపోతే నామీద పెడ్తవా?"

"రాదు సార్. నాకు ఆ మాట స్పెల్లింగే రాదు. అందుకే ఒచ్చింది రాసిన. ఇంగ్లీషొచ్చినోళ్లు సొంతంగ వేసుకుంటరు. నేను వేసుకోలే. మిగిలినోళ్ల కాగితాలు చూడుండ్రి."

"వాళ్లందరు సరిగ్గనే రాసిండ్రు."

"ఎట్ల రాసిండ్రో అడుగుండ్రి."

రాజేందర్ అడగలేదు. ఉష లేవలేదు. గోడ గడియారం కింద నలుగురు అభ్యర్థులు తల దించుకుని కూర్చున్నారు. వాళ్ల ఫలితాలూ ఆయన చేతిలోనే ఉన్నాయి మరి. అప్పుడు చివరి కుర్చీలోని అమ్మాయి చెయ్యెత్తింది. పేరు రవళి, ఇంజినీరింగ్ చదువుతోంది, రాజమండ్రి నుంచి వచ్చి అమీర్‌పేట హాస్టల్లో ఉంటోంది.

"సార్, నాకూ ఎన్ రాలేదండి" అంది.  "మాట తెలుసు కాబట్టి నేనే మధ్యలో ఇరికించాను. చూడండి, ఆ అక్షరం సన్నగా ఉంటుంది. ఆంటీ గారు రాసిందే మీరు పంపింది."

ఆమె మాట్లాడేటప్పుడు ఉష వైపే తిరిగి మాట్లాడింది. ఉషకు ప్రతి మాటా అందింది.

రాజేందర్ కాగితాలన్నీ తీసి కిటికీ దగ్గరకు వెళ్లాడు. రవళి కాగితంలో ఎన్ రెండు అక్షరాల మధ్య పుల్లలా నిలబడి ఉంది. ఇంకొకరి కాగితంలో కొట్టివేసి తిరిగి రాసింది కనబడింది. ఆయన చాలాసేపు నిలబడి, తన కీ దగ్గరకు వచ్చి, హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఆ మాట మామూలుగా ఎలా కొడతాడో అలా కొట్టాడు. మళ్లీ కొట్టాడు. మూడోసారి కొట్టి హెడ్‌ఫోన్ తీసేశాడు.

కూర్చుని, ఆరో ఎర్రగీతను అడ్డంగా కొట్టేసి పక్కన సంతకం పెట్టాడు.

"గిన్నేండ్ల సర్వీసుల గీ మాటల నాకు ఎన్ను పోతదని ఒక్కడు చెప్పలే" అన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆమెకు నేరుగా కనబడేలా ముఖం తిప్పి, అదే మాట ఇంకోసారి, నిదానంగా చెప్పాడు.

ఉష నవ్వలేదు. "పంపే పరీక్ష ఉన్నది గదా సార్, కీ ఇటియ్యుండ్రి" అంది.

ఆమె పంపుతుంటే ఆయన ఒక్క తప్పూ పట్టలేకపోయాడు. ఇరవై ఏళ్లు మిషను మీద ఒకే నడక నడిపిన చెయ్యి.

* * *

లైసెన్సు రావడానికి నెలలు పట్టింది. జనరల్ గ్రేడ్. వీయూ2తో మొదలయ్యే కాల్ సైన్, రేడియోలో ఆమెను పిలిచే పేరు. పంపడానికీ అందుకోవడానికీ పనికొచ్చే తన పాత రేడియో, ట్రాన్సీవర్, జోగారావు ఇచ్చాడు. కొట్టు మీది డాబాకు అడ్డంగా నీళ్ల ట్యాంకు నుంచి పిట్టగోడ దాకా జగదీశ్ ఏంటెనా తీగ కట్టాడు. డాబా మీద ఆరేసిన చీరల మీద పిడుగు పడుతుందని ఇంటి ఓనరు గొడవపెట్టుకుంటే, ఉష లైసెన్సు తెచ్చి ముందర పెట్టింది. ఆయన దాన్ని చదివి, ఏం చేయాలో తోచక, తీగ కింద బట్టలు ఆరేయొద్దని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు.

ఒక ఆదివారం పొద్దున ఆరున్నరకు ఆమె మొదటిసారి గాలిలోకి పిలిచింది. ఎడమ చెయ్యి స్పీకరు మీద, కుడి చెయ్యి కీ మీద. మూడుసార్లు పిలిచాక జవాబొచ్చింది. కొలంబో దగ్గర నుంచి ఒక పెద్దాయన. పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, అక్కడ వాన పడుతోందన్నాడు. ఈ భాషలో అన్నీ పొట్టి మాటలే, ఉషకు అవన్నీ వచ్చు. నెమ్మదిగా పంపమంటారా అని ఆయన అడిగాడు. అక్కర్లేదంది. ఆయన వేగం పెంచాడు. ఆమె తన పేరూ ఊరూ చెప్పి, బట్టలు కుడతానని చెప్పింది. పది నిమిషాలు మాట్లాడుకున్నారు. వెళ్లేముందు ఆయన ఇంకో మాట పంపాడు: గాలిలో ఇంత గోల ఉన్నా అంతా అందుకున్నారు, మీ చెవి చాలా మంచిది.

ఉష కాగితం మీద రాసింది చూసి జోగారావు నవ్వాపుకోలేకపోయాడు. "చెప్పకపోయావా అమ్మా, చెవి కాదని?"

"ఆయన అడగలే సార్" అంది ఉష. "అందిందా లేదా అని అడిగిండు. అందిందని చెప్పిన."

జగదీశ్ మెట్ల మీద నుంచి ఏదో అడిగాడు. ఆమె తిరిగి చూసి, ఒక్క నిమిషం ఆగమని చేత్తో చెప్పి, మీట కొంచెం పక్కకు తిప్పింది. అక్కడ ఇంకెవరో పిలుస్తున్నారు.